ఈ ఏడు మిర్చికి పోలేదు

టెంపో చీకట్లోనే వచ్చింది, సిరొంచ దిక్కు నుంచి.
పాలిథీన్ సంచులల్ల గాలి, గాలికింద నీళ్ళు,
నీళ్ళల్ల కనురెప్ప వెంట్రుకలంత పిల్లలు:
బొచ్చె, రవ్వ, కొంచెం బంగారుతీగ.
యాభైవేలు అన్నడు డ్రైవరు.
"యాభయ్యో కాదో నేను చెప్త" అన్నది గట్టుబాయి పెద్దమ్మ.

చాయ గిన్నె తీసింది.
మొదటి గిన్నెల పిల్లల్ని ఒక్కొక్కటిగ లెక్కబెట్టింది,
లాంతరు నేను పట్టిన.
నూటముప్పైరెండు.
అటెన్క గిన్నెలు లెక్కబెట్టినం, గిన్నెకో చింతగింజ.
తెల్లారేసరికి కొంగుల మూడువందల నాలుగు గింజలు.
గుణించి చూసుకొమ్మని
నా పుస్తకం డ్రైవరు చేతికిచ్చినం.
చాయ పోస్తే తాగలే.

ఈ చెరువు మా తాతలది కాదు, అబద్ధమెందుకు.
ఏ మాలగుజారో తవ్వించిండు,
మట్టి మోసిన గంపలు మాత్రం మావి.
తర్వాత బల్లార్షా కాంట్రాక్టరు పాడుకున్నడు.
మా వల, మా తెప్ప, మా మోకాళ్ళ నొప్పి,
చేప ఆయనది.
పొద్దుగూకినంక తలకిన్ని పరకలు పోసి
"పులుసు పెట్టుకోండ్రి" అనేటోడు.
ఆ పులుసు తిని
మాఘం రాంగనే మూటలు గట్టి
గోదారి దాటేటోళ్ళం, మిర్చి ఏరనీకి.

మిర్చి ఏరిన చెయ్యి కంటికి ఆనొద్దు.
ఎన్నిసార్లు కడిగినా, సున్నం రాసినా,
బిడ్డకు పాలియ్యాలంటే
మోచేతులతోనే రైక సదురుకునుడు.
మా పోచు ఆ మంట మీదనే పెరిగింది.

సొసైటీ అంటే పదిహేడుమంది.
కాయితం మరాఠీల, కొట్లాట తెలుగుల,
ఏలిముద్ర ఏ భాషదో దొరలకే తెల్వాలె.
లెక్కలు నేను రాస్త.
'మాసే' అని రాసి 'చేపలు' అని చదువుత,
ఎవరికీ తేడా రాలే ఇప్పటిదాంక.

మొదటేడు కట్ట తెగింది.
చేపలన్నీ ప్రాణహితల కలిసినయి.
బ్యాంకు అప్పు ఒక్కటే ఒడ్డున మిగిలింది,
దానికి ఈత రాదు.
మళ్ళ జీపు ఎక్కినం.
వంతెన మీద లసుమయ్య మామ కిందికి తొంగిచూసి
"మన బొచ్చెలు మనల్ని గుర్తుపడ్తయా?" అన్నడు.
ఎప్పుడూ నవ్వే మాటలే ఆయనవి.
ఆ పొద్దు ఎవరం నవ్వలే.

ఈ ఏడు రాళ్ళు మేమే మోసి కట్ట పోసినం.
తవుడు, పల్లిచెక్క, గంపలకొద్దీ పేడ.
రాత్రికి ఇద్దరం కావలి,
కొంగలకు కాదు, మనుషులకు.
వల పడ్డనాడు తక్కెడ కాడ పెద్దమ్మ కూసుంది:
"ముల్లుకు వేలు ఆన్చినోని వేలు కొరుకుత."
మొదటి బొచ్చె కిలోంబావు తూగింది.
దాన్ని చూస్తుంటే
ఆ రాత్రి గిన్నెల ఎన్నోది ఇది అని అడగబుద్ధయింది.

వాటాల కాడ లొల్లి.
"మొగుడు సచ్చినంక రాజుబాయికి వాటా ఎందుకు,
వల లాగిందా?"
"వల అల్లింది ఎవరు మరి?"
రాజుబాయి ఏమనలే,
తెగిన కన్ను ఒకటి కుట్టుకుంట కూసుంది.
సగమన్నరు. ముప్పావన్నరు.
పొద్దుమీకి నిండువాటా అని పుస్తకంల రాసిన,
సిరా ఆరినదాంక చెయ్యి అడ్డం పెట్టిన.

ఇల్లు కట్టలే, బండి కొనలే.
కిరాణం శెట్టి పద్దుల మా పేరు మీద గీత కొట్టిండు,
అంతే.
కుదువబెట్టిన రేషన్ కార్డు ఇంటికొచ్చింది,
మడతల కాడ చిరిగి.

మాఘం జీపు వచ్చి ఊరవతల హారను కొట్టింది.
మూడిళ్ళోళ్ళు ఎక్కిన్రు, మూటలతోని.
మా దిక్కు చూడలే వాళ్ళు.
వచ్చే ఏడు పుస్తకంల ఖాళీ గీతలు
నేను లెక్కబెట్టుకున్న. మూడు కన్న ఎక్కువే ఉన్నయి.

ఇంట్ల పోచు పరకలు తోముతున్నది.
ఉరికొచ్చి, తడిచేతులతోనే
నా రెండు కండ్లు ఎనుకనుంచి మూసింది,
ఎవరో చెప్పుమని.

నీచు వాసన.
చెప్పలే నేను.
ఇంకొంచెంసేపు మూసి ఉంచనిచ్చిన.